తోట గేటు పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

తోట నాది, గేటు తోసి వచ్చెడి వాని
కుక్క కరచు, తీగ కొట్టు షాకు,
గుండు పేలు, పిదప గోల చేసిన నాకు
లేదు పూచి సుమ్ము, లేదు పూచి!

అవతారిక

మెదక్ జిల్లాలో ఒక ఊరికి ఆవల, మట్టిబాట తెగిపోయే చోట మూడెకరాల మామిడి తోట. అందులో రేకుల కప్పుతో ఒకటే గది. గదికి తాళం వారంలో ఆరు రోజులు కాపలా ఉంటుంది, యజమాని ఆదివారం మాత్రం ఉంటాడు. ఆయన రిటైరైన తెలుగు మాస్టారు, కాపురం హైదరాబాదులో. ఒక వేసవిలో బోరు కేబుల్‌ను దొంగలు కోసుకుపోయారు. పైతొడుగు కాల్చేసి లోపలి రాగి అమ్ముకుంటారని, కాలిన మరక తోటలోనే కనబడిందని ఊళ్ళో వాళ్ళు చెప్పారు. కొత్త కేబుల్ వేయిస్తే ఈసారి స్టార్టర్ డబ్బాతో సహా పోయింది, గదిలోని గ్యాస్ సిలిండరూ పోయింది. ఆ కోపంలో పుట్టి, గేటు మీద రేకుకెక్కిన పద్యమిది. పెయింటరు అక్షరానికి ఇంత అని తీసుకుంటాడు గనుక కవి సీసం జోలికి పోకుండా ఆటవెలదితో సరిపెట్టాడని తోటి పండితుల అభిప్రాయం.

మూలంలో లేనిది రాయనని ప్రతిజ్ఞ పట్టిన వ్యాఖ్యాత మల్లినాథసూరిదీ ఈ మెతుకుసీమే, కొల్చారం. ఆయన సీమలో పుట్టిన పద్యమే అయినా ప్రస్తుత టీకాకారుడు ఆ ప్రతిజ్ఞ పట్టలేడు. ఈ పద్యంలో అసలు సంగతంతా కవి రాయకుండా వదిలిన చోటే ఉంది.

ప్రతిపదార్థం

తోట = మామిడి తోట; నాది = పాసుపుస్తకం ప్రకారం నాది; గేటు = కింద మేకపిల్ల దూరేంత సందున్న ఇనుప తలుపును; తోసి = గడియ ఉన్నా లేకున్నా నెట్టి; వచ్చెడి వాని = లోనికి వచ్చువానిని (దొంగను అని కవి అనలేదు, ఇది గుర్తుంచుకోవాలి); కుక్క = లేని కుక్క; కరచు = కరవగలదు; తీగ = కంచె తీగ; కొట్టు షాకు = షాకు కొట్టును (ఛందస్సు కోసం మాట తలకిందులైంది, తీగ ముట్టినవాడి గతీ అదే); గుండు = తుపాకీ గుండు; పేలు = ఎవరూ పేల్చకుండానే పేలును; పిదప = ఆ తరువాత; గోల చేసిన = ఠాణాకో కోర్టుకో ఎక్కినను; నాకు = ఆ సమయమున హైదరాబాదులో నిద్రించుచున్న నాకు; పూచి = పూచీ; లేదు = లేదు; సుమ్ము = తెలిసికొనుము; లేదు పూచి = మళ్ళీ లేదు.

తాత్పర్యం

ఈ తోట నా సొంతం. అడగకుండా లోపలికొస్తే ఏదో ఒకటి నిన్ను పట్టుకుంటుంది. ముందే చెప్పాను కనుక, ఆ తరువాత నీకేమైనా నన్ననకు.

అలంకారం

ముగ్గురు రక్షకుల్లో కుక్క కల్పన. గుండు ఉత్ప్రేక్ష, మాస్టారింట్లో తుపాకీయే కాదు, దీపావళి పిస్తోలు కూడా లేదు. తీగ మాత్రం స్వభావోక్తి. కొత్తగా పెట్టిన స్టార్టర్ డబ్బా నుంచి ఒక వైరు లాగి, రాతి కడీలకు చుట్టిన ముళ్ళతీగకు తగిలించిన మాట నిజం. కుక్క, గుండు అలంకారాలు కనుక ఎవరికీ హాని లేదు. అలంకారం కాని మూడోదే ప్రమాదం.

విశేషాలు

"తోట నాది, గేటు తోసి": కవి తోటనూ గదినీ ఒకే గాటన కట్టాడు. చట్టం అలా కట్టదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అక్రమ ప్రవేశం వేరు, ఇంట్లోకి అక్రమ ప్రవేశం వేరు, ఇల్లు పగలగొట్టి దూరడం వేరు. మనుషులు నివసించేదైనా, సామాను దాచేదైనా ఇల్లే అంటుంది కనుక మాస్టారి రేకుల గదికీ ఆ హోదా దక్కుతుంది, మామిడి చెట్ల కింది నేలకు దక్కదు. పైగా నేరం చేయాలనో, బెదిరించాలనో, అవమానించాలనో, విసిగించాలనో ఉద్దేశం ఉంటేనే అక్రమ ప్రవేశం నేరమవుతుంది. తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ గేటు తోసిన కాపరికి ఇందులో ఏదీ లేదు. పద్యంలోని "వాని" అనే మాటలో కాపరీ ఉన్నాడు, దాహానికి బోరు దగ్గరికొచ్చిన కూలీ ఉన్నాడు, మీటరు చూసే ఉద్యోగీ ఉన్నాడు. ఇది కావ్యదోషమని వదిలేయొచ్చు గానీ తీగ వదిలేయదు.

ఆస్తిని కాపాడుకునే హక్కు మనిషికి ఉంది, 35వ సెక్షన్ ఇచ్చింది. 41వ సెక్షన్ ఇంకా ముందుకెళ్ళి, కొన్ని సందర్భాల్లో దుండగుడి ప్రాణం తీసే దాకా ఆ హక్కు పోవచ్చంటుంది: దోపిడీ, ఇంటికి నిప్పు పెట్టడం, ఊరుకుంటే చావో తీవ్ర గాయమో తప్పదనే భయం న్యాయంగా కలిగించే దొంగతనం, సూర్యాస్తమయం తరువాత సూర్యోదయానికి ముందు ఇల్లు పగలగొట్టడం. చట్టం కూడా పంచాంగం చూస్తుందన్నమాట. శూద్రకుడి మృచ్ఛకటికంలో శర్విలకుడు అర్ధరాత్రి చారుదత్తుడి గోడకు ఏ ఆకారంలో కన్నం వేస్తే అందంగా ఉంటుందా అని ఆలోచించి, కొలతాడు మరిచిపోయి జంధ్యంతో కొలుస్తాడు. నేడుంటే నేరుగా 41వ సెక్షన్‌లోకి దూరేవాడు. అయితే ఈ హక్కంతటి మీదా 37వ సెక్షన్ కూర్చుని ఉంది. పోలీసుల సాయం తెచ్చుకునే వ్యవధి ఉంటే ఈ హక్కు లేదు. ఉన్నప్పుడు కూడా రక్షణకు కావలసినంత హానే తప్ప అంతకు మించి చేయరాదు.

ఇక్కడో చమత్కారం. మాస్టారి అల్లుడు గదికి సిమ్ కార్డు కెమెరా పెట్టిస్తానంటున్నాడు. ఎవరైనా కదిలితే ఫోన్ మోగుతుంది, మాస్టారు హైదరాబాదు మంచం మీద నుంచే చూస్తాడు. మంచిదే. కానీ ఫోన్‌లో దొంగను చూస్తున్నవాడికి అదే ఫోన్‌లో 112 నొక్కే వ్యవధి కూడా ఉంటుంది. కెమెరా కన్ను పెరిగేకొద్దీ కర్ర ఎత్తే హక్కు తగ్గుతుందని టీకాకారుడి ఊహ.

"కుక్క కరచు": రెండు వేల ఏళ్ళ నాటి మాట. క్రీస్తుశకం 79లో బూడిద కింద పడిన పొంపేయిలో ఒక ఇంటి గుమ్మం ముందు గొలుసు కుక్క బొమ్మ, దాని కింద కుక్కతో జాగ్రత్త అనే అక్షరాలు చిన్న రాతి పలకలతో పొదిగి ఉన్నాయి. మాస్టారి కంటే ఆ రోమను నయం, కనీసం బొమ్మయినా వేయించాడు. నిజంగా పెంచేవారికి ఒక్క మాట: పెంపుడు జంతువుతో మనుషులకు ప్రమాదం రాకుండా చూసుకోకపోతే 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలో, 5,000 రూపాయల దాకా జరిమానాయో, రెండూనో పడవచ్చు.

"తీగ కొట్టు షాకు": పద్యానికి ప్రాణం ఇదే, తీసేదీ ఇదే. అడవిపందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగ కట్టడం మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్న దురాచారం. రాత్రి మోటారు వేయడానికి గట్టు మీద నడిచొచ్చిన పక్క రైతు ఆ తీగకు బలైన వార్త పేపర్లో చదవని తెలుగువాడుండడు. పంది చదువుకోలేదు కనుక దానికి బోర్డు లేదు. మనిషికి బోర్డుంది, చీకట్లో కనబడదు.

ఈ విషయంలో సుప్రీంకోర్టు 1963లోనే తేల్చిన బీహారు కేసొకటుంది. నిందితుడి పక్కింటివాళ్ళ మరుగుదొడ్డి గోడ కూలింది. వాళ్ళు ఇతని దొడ్డికి రావడం మొదలుపెట్టారు. వద్దని నోటితో చెప్పి చూశాడు, వినలేదు. దొడ్డికెళ్ళే దారికి అడ్డంగా రాగి తీగ కట్టి, తొడుగు లేకుండానే ఇంటి కరెంటు దానికిచ్చాడు. పక్కింటావిడ లోపలికి వెళ్ళేటప్పుడు తీగ తగలకుండానే వెళ్ళింది. తిరిగి వస్తూంటే చెయ్యి తగిలింది, చనిపోయింది. నా ఆస్తి నేను కాపాడుకున్నానని అతను వాదించాడు. కోర్టు ఒప్పుకోలేదు. అడగకుండా వచ్చినంత మాత్రాన ఆ మనిషి చట్టానికి వెలి అయిపోదని చెప్పి, నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన నేరానికి పడిన శిక్షను ఖాయం చేసింది. అప్పటి శిక్షాస్మృతిలోని 304-ఎ ఇప్పుడు న్యాయ సంహితలో 106వ సెక్షన్, శిక్ష అయిదేళ్ళ దాకా ఉండొచ్చు. ఆమె వచ్చింది కేబుల్ కోయడానికి కాదు. తీగకు అది తెలియదు, ఉరల్లో వచ్చిన చిక్కంతా ఇదే. ఆత్మరక్షణ హక్కు చట్టం మనిషికిచ్చింది: కళ్ళతో చూసి, వచ్చినవాడెవడో తేల్చుకుని, ఎంత కొట్టాలో అంతే కొట్టే మనిషికి. ఊళ్ళో లేని మనిషి ఆ హక్కును వైరుకు అప్పజెప్పి పోలేడు.

పూర్వపక్షి అడుగుతాడు: మరి ఊరూరా సోలార్ ఫెన్సింగ్ అమ్ముతున్నారు కదా? అది వేరే జాతి. బ్యాటరీతో నడిచే యంత్రం దాదాపు సెకనుకొకసారి, రెప్పపాటులో వెయ్యోవంతు లాంటి చిన్న దెబ్బ వేసి ఆగుతుంది. ముట్టుకున్నవాడు కెవ్వుమని వెనక్కి దూకుతాడు. 230 వోల్టుల ఇంటి కరెంటు అలా ఆగి ఆగి కొట్టదు. కండరాలు బిగుసుకుని, పట్టినవాడు వదలాలన్నా వదలలేడు. మాస్టారు కట్టింది రెండోది.

"గుండు పేలు": ఇది నిజంగా పేలిన చోటు అమెరికాలోని ఐయోవా రాష్ట్రం. బ్రైనీ దంపతులకు వారసత్వంగా వచ్చిన పాత ఇల్లు ఏళ్ళ తరబడి ఖాళీగా ఉంది. కిటికీలు పగిలాయి, సామాను పోయింది. తలుపులకు చెక్కలు కొట్టారు, లోపలికి రావద్దని బోర్డులు పెట్టారు. అయినా ఆగలేదు. 1967 జూన్‌లో పడకగదిలో ఇనప మంచానికి తుపాకీ బిగించి, ట్రిగ్గరు నుంచి తలుపు పిడికి తీగ కట్టారు. మొదట గొట్టం కడుపు ఎత్తున ఉండేది. కాళ్ళకు తగిలేలా దించమని భార్య చెబితే దించారు. లోపల తుపాకీ ఉందన్న మాట మాత్రం ఎక్కడా రాయలేదు. జులైలో కాట్కో అనే అతను స్నేహితుడితో కలిసి పాత సీసాలూ జాడీలూ ఏరుకోవడానికి దూరి ఆ తలుపు తీశాడు. కుడి కాలు చాలావరకు, ఎముకలో కొంత భాగంతో సహా, ఎగిరిపోయింది. దొంగతనం ఒప్పుకున్నాడు, 50 డాలర్ల జరిమానా కట్టాడు. ఆ తరువాత దావా వేశాడు. జ్యూరీ 20,000 డాలర్ల నష్టపరిహారం, శిక్షగా మరో 10,000 ఇప్పించింది. 1971లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. బ్రైనీలు తమ 120 ఎకరాల్లో 80 ఎకరాలు అమ్ముకోవలసి వచ్చింది.

పాత సీసాలకు ఎనభై ఎకరాలా అని లోకం నిర్ఘాంతపోయింది, దొంగకే బహుమతా అని తిట్టింది. టీకాకారుడికి ఆ తీర్పు సబబుగానే తోస్తుంది. బ్రైనీ ఆ రాత్రి ఆ గదిలో ఉండి ఉంటే సీసాలు ఏరుకునేవాడి మీద తుపాకీ పేల్చేవాడా? కేకేసేవాడు. స్వయంగా చేయరాని పనిని స్ప్రింగుతో చేయించినా అది ఆయన పనే.

"లేదు పూచి సుమ్ము, లేదు పూచి": ఇది పునరుక్తి కాదు, శంక. పూచీ నిజంగా లేనివాడు ఒకసారి చెప్పి ఊరుకుంటాడు. ఈ పాదానికి ఒకప్పుడు బలముండేది. 1820లో ఇంగ్లండులో, స్ప్రింగు తుపాకులున్నాయన్న బోర్డు సంగతి తెలిసీ అడవిలోకి కాయల కోసం పోయి దెబ్బతిన్నవాడు కేసు ఓడిపోయాడు. ఆ లెక్కన మాస్టారి పద్యం సరిపోయేది. తరువాత 1828లో తేలిన కేసులో ఒకాయన తన ఇంటికి మైలు దూరాన ఉన్న తులిప్ తోటలో ఉర పెట్టాడు, దొంగ దొరకాలని కావాలనే బోర్డు పెట్టలేదు. పారిపోయిన ఆడనెమలిని పట్టుకుందామని గోడ దూకిన కుర్రాడికి మోకాలి పైన తీవ్ర గాయమైంది, తోట యజమాని ఓడిపోయాడు. ఆ తీర్పు రాకముందే 1827లో పార్లమెంటు చట్టం చేసి ఇలాంటి ఉరలను నిషేధించింది, రాత్రివేళ నివాసపు ఇంటికి మాత్రం మినహాయించింది. మనిషిని చంపే సాధనం పెట్టి పక్కన ఉత్తరం రాసిపెడితే సరిపోయే రోజులు అలా చెల్లాయి. గేటు పద్యం ఇప్పుడు యజమానిని కాపాడదు. తీగ కట్టినప్పుడు మనిషికి ఏమవుతుందో ఆయనకు ముందే తెలుసునని ఆయన చేతే చెప్పిస్తుంది. ప్రాసిక్యూషన్ వారికి ఇంత కంఠోపాఠంగా దొరికే సాక్ష్యం అరుదు.

శేషం

మరి మాస్టారేం చేయాలి అంటే శాస్త్రం పొడిగా చెబుతుంది. గదిలో దొంగకు పనికొచ్చేదేదీ ఉంచకూడదు, సిలిండరు ఆదివారం తెచ్చుకుని ఆదివారమే తీసుకుపోవాలి. గడియ మేకులతో కాక లోపలి నుంచి బోల్టులతో బిగించాలి. కేబుల్‌ను లోతుగా పాతి, పైన కనబడే ముక్కను ఇనప గొట్టంలో పెట్టాలి. పక్క చేను రైతుకు ఏటా ఒక బుట్ట మామిడిపళ్ళు ముట్టజెప్పాలి, తక్కిన అన్నిటికంటే ఇదే గట్టి తాళం. పోయిన ప్రతిదానికీ ఠాణాలో కాగితం రాసివ్వాలి. దొంగ కళ్ళ ముందు తాళం పగలగొడుతూ దొరికితే పట్టుకోవచ్చు. చెట్టుకు కట్టి కొట్టడం మాత్రం కుదరదు. మామూలు పౌరుడు పట్టుకున్నవాణ్ణి ఆరు గంటల్లోగా పోలీసులకు అప్పగించాలని కొత్త నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ గడువు పెట్టింది.

పద్యాన్ని మాస్టారు గేటుకు ఉంచుకోవచ్చు, యతి ఎక్కడా తప్పలేదు. కంచెకు తగిలించిన వైరు మాత్రం ఈ ఆదివారం దాకా ఆగకూడదు. మీ తోటకూ అలాంటిది ఉంటే మెయిన్ ఆపించి, లైన్‌మన్‌ను పిలిచి, పట్టపగలు తీయించేయండి.