పిల్లికి తులసి తీర్థం

ప్రకృతి పేరు చెబితే చాలు, సీసాలో ఏమున్నా పిల్లి నోట్లో పోసేయడానికి మనం సిద్ధం. పసుపు, తులసి, వేప, వెల్లుల్లి కలిస్తే జలుబు నుంచి పిల్లుల ప్రాణం తీసే ఎఫ్ఐపీ జబ్బు దాకా ఏ వైరస్ అయినా తోక ముడవాల్సిందేనట! రుజువు అడిగితే, గాజు పళ్లెంలో పెంచిన కణాల మీద ఫలానా మొక్క సారం పోస్తే వైరస్ చచ్చిందంటారు. చచ్చే ఉంటుంది. బ్లీచింగ్ నీళ్లు పోసినా చస్తుంది. పళ్లేనికి పేగుల్లేవు, కాలేయం లేదు. అసలు మందు పేగు దాటి రక్తంలో చేరాలి, చాలినంత మోతాదులో నిలవాలి, వైరస్‌ను చంపి రోగిని బతకనివ్వాలి. పసుపులోని కర్‌క్యుమిన్ మొదటి మెట్టు మీదే చతికిలబడింది. ఒంటికి సరిగా పట్టదు. మనుషుల మీద 120కి పైగా ప్రయోగాలు జరిగినా, ఎవరికేది ఇచ్చారో తెలియనివ్వని డబుల్ బ్లైండ్ పద్ధతిలో, ప్లాసిబో అనే ఉత్తుత్తి మందుతో పోటీపెట్టిన ఒక్కదాంట్లోనూ అది నెగ్గలేదని 2017లో రసాయన శాస్త్రజ్ఞులు లెక్కతేల్చారు. మనిషిలో ఓడింది పిల్లిలో గెలుస్తుందనాలంటే శాస్త్రం చాలదు, భక్తి కావాలి.

ఇంత ప్రకృతి ప్రేమలోనూ ఎవరికీ గుర్తుకు రానిది పిల్లి ప్రకృతి. అది మాంసం తిని బతికే జంతువు. మొక్కల్లోని ఫినాల్ జాతి రసాయనాలను విరుగుడు చేసి బయటికి పంపే ముఖ్యమైన కాలేయ ఎంజైము ఒకటి దానికి లేదు. ఆ జన్యువే పాడైపోయింది. ఒక్క పారాసిటమాల్ మాత్ర పిల్లిని చంపగలగడానికి ముఖ్య కారణం ఈ లోపమే. టీ ట్రీ నూనె లాంటివీ దానికి విషమే. ఇక వెల్లుల్లి దారి వేరు. అది నేరుగా ఎర్ర రక్తకణాలనే పగలగొడుతుంది. మనకు చారులో ఘాటు, పిల్లికి రక్తహీనత.

మలేరియాకు వాడే ఆర్టెమిసినిన్ మొక్క నుంచే కదా వచ్చిందని అడుగుతారు. నిజమే. అయితే దాన్ని కనుగొన్న శాస్త్రవేత్త టూ యూయూకు 2015లో నోబెల్ ఇచ్చింది ఆకు నమిలించినందుకు కాదు, అందులో పనిచేసే పదార్థాన్ని విడదీసి చూపినందుకు. ‘మా పిల్లికి తగ్గిందిగా’ అన్నది మరో వాదన. పిల్లికి జలుబు తెచ్చే హెర్పిస్ వైరస్ దానంతటదే నెమ్మదించి నరాల్లో నక్కుతుంది, వీలు చూసుకుని తిరగబెడుతుంది. తగ్గే వారంలో పట్టిన కషాయానికి బిరుదు దక్కుతుంది, తిరగబెట్టిన వారం దాన్ని ఎవరూ తలచుకోరు.

ఎఫ్ఐపీ దగ్గర ఈ గారడీ సాగదు. మందు పడకపోతే దాదాపు ఏ పిల్లీ బతకదు. 2019లో కాలిఫోర్నియాలో నీల్స్ పెడర్సన్ బృందం జీఎస్-441524 అనే మందును 31 పిల్లులకిస్తే 25 నిలిచాయి. ఖరీదెక్కువ అన్న ఫిర్యాదు న్యాయమైనదే. కానీ మందు ప్రియమైనంత మాత్రాన కషాయం మందైపోదు. పైగా అలాంటి జబ్బులో కషాయంతో గడిపిన ప్రతిరోజూ పిల్లి ఖాతాలోంచే పోతుంది. సహజమన్న ముద్ర పక్కన పెట్టి, ఎన్ని పిల్లులకు ఎంత మోతాదు ఇచ్చారో, ఎన్ని బతికాయో చెప్పండి. అప్పటిదాకా ఈ వైద్యం మనకు చెలగాటం, పిల్లికి ప్రాణసంకటం.