కిటికీ సీటు పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: ఢిల్లీ నుంచి ఖాట్మండుకు పశుపతినాథ దర్శనానికి బయల్దేరిన తెలుగు యాత్రికుల్లో సీట్ల పంపకం దగ్గర తగవు పుట్టగా, దాన్ని తీర్చడానికి వారిలో ఒక కవి ఈ ఆటవెలది ఆశువుగా చెప్పాడని ఊహించుకోవాలి. కర్త పేరు తెలియదు. వ్యాఖ్యాతే కర్త అని గిట్టనివాళ్ళు అంటున్నారు. వ్యాఖ్యాత ఆ మాటను ఖండించడం లేదు.

రెక్క మీద సీటు దక్కినవానికి
రేకు తప్ప వేరు లోకమేది?
ఎండ పడని వైపు కొండలగుపడును
అద్దమున్న సీటె ముద్దు మనకు.

ప్రతిపదార్థం: రెక్క మీద = విమానపు రెక్కకు సరిగా పక్కనున్న వరుసలలో; సీటు = ఆసనము; దక్కినవానికి = అదనపు రుసుము కట్టియో కట్టకయో పొందినవానికి; రేకు తప్ప = రెక్కకు తొడిగిన లోహపు రేకును మించి; వేరు లోకము = మరియొక ప్రపంచము; ఏది = ఎక్కడిది?; ఎండ పడని వైపు = సూర్యునికి పెడగానున్న పక్కను; కొండలు = హిమవంతుడు మొదలగు పర్వతములు; అగుపడును = కానవచ్చును; అద్దము ఉన్న = నిజముగా కిటికీ గల; సీటె = సీటు మాత్రమే; మనకు = చూచుటకు కూర్చున్న మన వంటివారికి; ముద్దు = ప్రియము.

తాత్పర్యం: రెక్క పక్కన కూర్చున్నవాడికి రెక్కే కనిపిస్తుంది. ఎండ పడని వైపు కూర్చున్నవాడికి కొండలు కనిపిస్తాయి. అంతకన్నా ముందు, కూర్చున్నచోట కిటికీ ఉందో లేదో చూసుకోవాలి.

చాలామంది ఇక్కడిదాకా చదివి, వెబ్ చెక్ ఇన్‌లో చేతికందిన సీటు నొక్కేసి ఊరుకుంటారు. వ్యాఖ్యానం వాళ్ళ కోసమే.

రెక్క మీద: మన దేశంలో ఎక్కువగా తిరిగే ఎయిర్‌బస్ ఎ320లో వరుసకు ఆరు సీట్లు. ముక్కు వైపు తిరిగి కూర్చుంటే ఎడమ కిటికీది ‘ఎ’, కుడి కిటికీది ‘ఎఫ్’. రమారమి పదో వరుస నుంచి ఇరవయ్యో వరుస దగ్గరి దాకా కింద రెక్కే పరుచుకుని ఉంటుంది. అత్యవసర ద్వారాలూ ఆ నడుమే. అక్కడ కాళ్ళు చాపుకునే చోటుంటుంది గనక సంస్థలు ఎక్కువ డబ్బు అడుగుతాయి, జనం సంతోషంగా కడతారు. మోకాలికి మోక్షం, కంటికి కారాగారం.

రెక్క దాటి వెనక్కి పోతే చాలదా అని శంక. చాలదు. ఇంజను వదిలే వేడి గాలి వెనక వరుసల వాళ్ళ చూపుకు అడ్డం వచ్చి, కింద ఉన్న ఏరూ ఊరూ సన్నగా వణుకుతూ కనిపిస్తాయి. ఫోటో తీసేవాళ్ళకు ఇది బాగా అనుభవం. కాబట్టి రెక్కకు ముందున్న వరుసలు ఉత్తమం, బాగా వెనక ఉన్నవి మధ్యమం, రెక్క మీదివి అధమం. దిగేటప్పుడు రెక్క వెనక అంచు జారి పొడుగవడం, నేల తగలగానే రెక్క పైని పలకలు నిక్కబొడుచుకోవడం చూడాలనుకునే రసికులూ ఉంటారు. వాళ్ళకు ఈ పద్యం చెప్పి ప్రయోజనం లేదు, వాళ్ళ రసం వేరు.

ఒక అపవాదం ఉంది. హైదరాబాదు నుంచి రాజమండ్రి లాంటి ఊళ్ళకు తిరిగే ఏటీఆర్ 72కు రెక్క నెత్తి మీద ఉంటుంది. అక్కడ నేలను రెక్క కప్పదు, మొదటి పాదం వర్తించదు. అయితే ప్రొపెల్లరు సరసన కూర్చున్నవాడికి గోదావరికి బదులు ఇంజను డొప్పే దర్శనమిస్తుంది. ఇందులో వెనక తలుపు నుంచి ఎక్కిస్తారు కనుక, ముందు సీటు కోసం ముందుగా తోసుకుని ఎక్కే విద్య ఇక్కడ పనికిరాదు.

ఎండ పడని వైపు: పద్యానికి ప్రాణం ఈ పాదం. వరుస అంకె ఎంతన్నదాని కన్నా ఎడమా కుడా అన్నదే పెద్ద సంగతి. జనం అంకె కోసం కొట్టుకుంటారు, అక్షరాన్ని పట్టించుకోరు. ఎండ పడే వైపు కూర్చున్నవాడికి కిటికీ అద్దం మీద ఉన్న ప్రతి గీతా, ప్రతి వేలిముద్రా వెలుగుతుంది. వాటి వెనక లోకం తెల్లబోతుంది. కాసేపటికి ఆయనే విసిగి తెర దించేస్తాడు. అద్దెకు తీసుకున్న కిటికీని తన చేతులతో తానే మూసుకోవడమన్నమాట.

లెక్క కష్టమైనదేం కాదు. హైదరాబాదు నుంచి పొద్దున్నే ఢిల్లీకి పోతే విమానం ఉత్తరానికి పోతుంది, సూర్యుడు తూర్పున, అంటే కుడి చేతి వైపు. ‘ఎ’ తీసుకోవాలి. అదే సాయంత్రమైతే ‘ఎఫ్’. విశాఖకు పోయేవాడు తూర్పుగా పోతాడు గనక పొద్దున ఎండ ఎదుటి నుంచి వస్తుంది, పేచీ తక్కువ. గోదావరి డెల్టా, సముద్రం దక్షిణాన ఉంటాయి కాబట్టి కుడి పక్కే మేలు.

ఇక కవి మనసులో ఉన్న ఢిల్లీ–ఖాట్మండు దారికి వద్దాం. విమానం తూర్పుగా, కాస్త దక్షిణానికి ఒరుగుతూ పోతుంది. హిమాలయం ఉత్తరాన, అంటే ఎడమన. ఢిల్లీ, ఖాట్మండు రెండూ కర్కటరేఖకు పైనే ఉన్నాయి కనుక మధ్యాహ్న సూర్యుడు ఏడాది పొడుగునా దక్షిణానే ఉంటాడు. సెప్టెంబరు చివరి నుంచి మార్చి దాకానైతే ఉదయం, సాయంత్రం కూడా దక్షిణపు మొగ్గే. ఆ కాలంలో ఈ దారిన ఎండ పడని వైపే కొండలు కూడా ఉంటాయి. వానాకాలం వెళ్ళి గాలి కడిగినట్టుండే అక్టోబరు, నవంబరు నెలల్లో ‘ఎ’ సీటు వాడికి మూడో పాదం అక్షరాలా ఫలిస్తుంది. కవి అన్ని దారులకూ ఒకే మాట చెప్పినట్టు నటిస్తూ నిజానికి ఈ ఒక్క దారినే చెప్పాడని వ్యాఖ్యాత అభిప్రాయం.

కొండలు అగుపడును: బయల్దేరగానే అగుపడవు. సగం దారి దాటాక మబ్బుల అంచున తెల్లగా ఏదో తేలుతుంది. మొదట అదీ మబ్బే అనుకుంటాం. ఆనవాలు ఇది: మబ్బు అంచు మెత్తగా ఉండి కాసేపటికి రూపు మారుస్తుంది. కొండ అంచు కోసినట్టు ఉంటుంది, నీడ పడిన పక్క నీలంగా ఉంటుంది, ఎంతసేపు చూసినా అలాగే ఉంటుంది. ముందు వచ్చేది ధవళగిరి, 8,167 మీటర్లు. తరువాత అన్నపూర్ణ, 8,091. ఆ వెనక మనస్లు, 8,163. ధవళగిరికీ అన్నపూర్ణకూ నడుమ తెగినట్టున్న లోయ కాళీగండకిది. మన ఇళ్ళలో పూజ మందిరాల్లో తులసి దళం కింద కూర్చున్న సాలగ్రామాలు ఆ నది రాళ్ళే. బృందంలోని మామ్మగారికి ఆ మాట చెప్పి ‘ఎ’ సీటు ఇవ్వడం న్యాయం. ఎవరెస్టు కోసం మాత్రం ఈ దారిలో మెడ సాచకూడదు. అది ఖాట్మండు దాటాక తూర్పున ఎక్కడో ఉంది.

కొండలు లేని దారిలో ఎండ పడని వైపు ఏముంది, ఒట్టి మబ్బులే గదా అని పూర్వపక్షం. సమాధానం: మబ్బుల పొర మీద విమానం నీడ పడేది ఆ వైపే. నీడ చుట్టూ చిన్న రంగుల వలయం కనిపిస్తుంది, గ్లోరీ అంటారు. ఆ వలయానికి నడిబొడ్డు, చూసేవాడు కూర్చున్న చోటి నీడ. మూడో వరుస ఆయనకు వలయం ముక్కు దగ్గర, ఇరవై ఎనిమిదో వరుస ఆవిడకు తోక దగ్గర. ఎవరికి వారే దైవాంశ సంభూతులు. దీని మీద వేదాంతం చెప్పడానికి వ్యాఖ్యాతకు మహా ఉబలాటంగా ఉంది కానీ, సీటు బెల్టు గుర్తు వెలిగింది.

అద్దమున్న సీటె: ఈ ‘ఏ’కారం నిశ్చయార్థకం. ‘కిటికీ సీటు’ అని అమ్మిన ప్రతి సీటుకూ కిటికీ ఉండదు. బోయింగ్ 737లో రెక్కకు కాస్త ముందు, పొట్టలోంచి కప్పుకు చల్లగాలి తీసుకుపోయే గొట్టం గోడలోంచి పోతుంది. అక్కడ కిటికీ పెట్టరు. ఆ సీటు కొన్నవాడు గంటన్నర సేపు బూడిద రంగు ప్లాస్టిక్కును తిలకిస్తాడు. సీట్ల పటంలో దీన్ని చెప్పే సంస్థలు కొన్నే. ఉన్న అద్దమైనా గాజు కాదు, పొరలు పొరలుగా యాక్రిలిక్. నడిమి పొరకు చిన్న చిల్లు ఉంటుంది. ఒత్తిడి సర్దడానికీ మంచు పట్టకుండానూ దాన్ని కావాలనే పెట్టారు, ఎయిర్ హోస్టెస్‌ను పిలిచి చూపించనక్కర్లేదు. మూలలు గుండ్రంగా ఉండడం కూడా సోకు కాదు. 1954లో డి హావిలాండ్ కామెట్ జెట్లు రెండు గాలిలోనే విచ్చిపోయాక, చదరపు మూలల దగ్గర లోహం అలసి పగులుతుందని నేర్చుకున్నారు.

ముద్దు మనకు: ఇక్కడ ‘మనకు’లో నడి సీటాయన కూడా ఉన్నాడా? ఉన్నాడు, మీ భుజం మీదుగా ఫోను చాచి ఉన్నాడు. ‘బాబూ, మా మనవడికి కాస్త కిటికీ పక్కన చోటిస్తావా’ అనే మామ్మగారూ ఉన్నారు. ఇవ్వడమో మానడమో పద్యం చెప్పలేదు. మనవడు కూర్చున్న రెండు నిమిషాలకే తెర దించి ఫోనులో ఆట మొదలుపెడితే ఏం చేయాలో కూడా చెప్పలేదు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తెర తీసి ఉంచాలన్నది భద్రతా నియమం గనక ఆ కాసేపైనా ఆశ ఉంటుంది.

ఛందస్సు: నాలుగు పాదాలకూ ప్రాసయతే పడింది. దానికి కారణం కవి బద్ధకం, అంతకన్నా ఏమీ లేదు.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో ‘ఎండ పడని వైపు’కు బదులు ‘ఎడమ పక్క సీట’ అని ఉంది. యతి చెడుతుంది. పైగా ఖాట్మండు నుంచి ఢిల్లీకి తిరిగొచ్చేవాళ్ళు దాన్ని నమ్ముకుంటే ఎండా, ఉత్తరప్రదేశ్ మైదానమూ తప్ప ఏమీ దొరకవు. వాళ్ళు ‘ఎఫ్’ తీసుకోవాలి.