గుళికా సూత్రానికి టీకా తాత్పర్యాలు

మూలం: దినమునకొక గుళిక, భోజనానంతరము. వివిధాహారమునకు బదులు గాదు. ఔషధార్థము గాదు.

అవతారిక: రక్తపరీక్ష కాగితంలో విటమిన్ డి ఎదుట ‘తక్కువ’ అని చూసి, డాక్టరును అడక్కుండా నేరుగా మందుల షాపుకు నడిచిన గృహస్థుకు మల్టీవిటమిన్ సీసా చేసిన ఉపదేశమిది. చివరి రెండు వాక్యాల సారం లేబులు మీద ఉండి తీరాలని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2016లో నిబంధన పెట్టింది. సీసా మీది తక్కిన కవిత్వమంతా బారెడు అక్షరాల్లో ఉంటుంది. ఇది మాత్రం కళ్ళజోడు సవరించుకుని చదవాలి.

ప్రతిపదార్థం: దినమునకు = రోజుకు; ఒక గుళిక = ఒకే ఒక్కటి (నిన్న మరిచిపోయాం కదా అని ఇవాళ రెండు కాదు); భోజన = అన్నం తినడానికి; అనంతరము = తరవాత. ముందు భోజనం ఉండాలని భావం.

పాఠభేదం: 60,000 యూనిట్ల విటమిన్ డి గుళికకు సాధారణంగా ‘వారమునకొక’ అనే పాఠమే గ్రాహ్యం, అదీ డాక్టరు చెప్పినన్ని వారాలే. కొందరు దాన్నీ ‘దినమునకొక’ అని చదువుకుంటారు. అప్పుడు రక్తంలో కాల్షియం పెరిగి, వాంతులై, మూత్రపిండాలు దెబ్బతింటాయి. సి విటమిన్ ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతుంది, కొన్నవాడి డబ్బూ ఆ దారినే. ఎ, డి విటమిన్లు అలా పోవు, ఒంట్లోనే కాపురం పెడతాయి.

విశేషం: ఐరన్ మాత్ర మింగి, ఆ చేత్తోనే ఫిల్టర్ కాఫీ గ్లాసు అందుకునే వారున్నారు. కాఫీ, టీలు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. నిమ్మరసం పట్టిస్తుంది.

‘బదులు గాదు’: పెద్దవాళ్ళకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలునని లెక్క. అరవై కిలోల మనిషికి యాభై గ్రాములు. పప్పు, పెరుగు, గుడ్డు, గుప్పెడు పల్లీలతో ఆ లెక్క తేలుతుంది. కండల కోసం డబ్బాల పొడి వద్దని హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. జిమ్ గోడ మీది బొమ్మ ఇంకోటి చెబుతుంది.

పూర్వపక్షం: అయితే గుళికలన్నీ వ్యర్థమేనా?

సిద్ధాంతం: కాదు. ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. గర్భం రాకముందు నుంచే అది అందితే బిడ్డ వెన్నుపాము లోపాలు చాలావరకు తప్పుతాయి. పాలూ పెరుగూ కూడా మానేసిన శాకాహారికి బి12 మాత్ర కావాలి. ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడే మధుమేహులు బి12 పరీక్ష చేయించుకోవాలి.

తాత్పర్యం: లోటున్నవాడికి గుళిక మందు, లేనివాడికి ఖర్చు. ఇంట్లో గర్భిణి ఉంటే ఆశా కార్యకర్త ఉచితంగా ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్రలు 180 రోజులూ మానకుండా వేయించండి. తక్కినవారు సీసా మూత తీసేముందు పరీక్ష కాగితం డాక్టరుకు చూపించండి.