మా బావ బండి, నాలుగు షిఫ్టుల దీపాలు

విశాఖ స్టీల్ ప్లాంటులో రిటైరైనవాళ్ళు మామూలుగా చేసే పనులు కొన్ని ఉన్నాయి. కూర్మన్నపాలెంలో కట్టుకున్న ఇంటి మీద ఇంకో అంతస్తు లేపుతారు. కాలనీ సంఘానికి అధ్యక్షులై నీళ్ళ ట్యాంకు గురించి అర్జీలు రాస్తారు. లేదా సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లూ నడిచొచ్చి, మళ్ళీ ఆషాఢం వచ్చేదాకా కాళ్ళ నొప్పుల గురించి చెబుతారు. మా బావ ఇవేవీ చెయ్యలేదు. పాత టెంపో ట్రావెలర్ ఒకటి కొని, సీట్లు పీకించి, మంచం బిగించి, గ్యాసు పొయ్యి పెట్టించి, ఇక శేషజీవితం ఇందులోనే అన్నాడు.

అక్క లోపలికి తొంగి చూసింది. "దేవుడి గూడు ఎక్కడండీ?" అంది. డాష్‌బోర్డు చూపించాడు. అక్కడితో ఒప్పుకుంది గానీ, ఒక్క షరతు పెట్టింది. చీకట్లో బండి దిగాల్సి వస్తే కాలి కింద పామో తేలో ఉందేమో తెలియాలి, లేకపోతే తను రాదు.

అలా వచ్చాయి, ఎవరైనా కదిలితే వెలిగే నాలుగు సోలార్ సెన్సర్ లైట్లు. నెత్తిన అరచేయంత సోలార్ పలక, కడుపులో చిన్న లిథియం బ్యాటరీ, ముందు తెల్లటి ప్లాస్టిక్ బొడిపె. ఉద్యోగమంతా బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర చేసినవాడు బావ. అక్కడ కొలుములకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లుంటాయి కాబట్టి, పేరు లేని యంత్రాన్ని ఆయన యంత్రంగానే గుర్తించడు. బండికి నాలుగు పక్కలా అయస్కాంతాలతో దీపాలు అతికించి నామకరణం చేశాడు. డ్రైవరు వైపుది ఏ షిఫ్టు, తలుపు వైపుది బీ షిఫ్టు, వెనకది సీ షిఫ్టు. ముందున్నది జనరల్ షిఫ్టు. అది తన ఇష్టం వచ్చినప్పుడే వెలిగేది.

మొదటి పరీక్ష ఇంటి ముందే, మంచి మే నెలలో. చీకటి పడింది. బావ ఠీవిగా బండి చుట్టూ తిరిగాడు. ఒక్కటీ వెలగలేదు. మళ్ళీ తిరిగాడు. ఎదురింటి అరుగు మీద కూర్చున్న మాష్టారు, బండికి ప్రదక్షిణం అనుకుని, దణ్ణం పెట్టారు.

కారణం మా వీధి స్తంభం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి ఊళ్ళో స్తంభాలను నేలకు వంచి వెళ్ళాక, విశాఖలో వీధి దీపాలన్నీ ఎల్‌ఈడీలకు మారాయి. ఆ వెలుగుకి మాకేమీ ఫిర్యాదు లేదు. అయితే ఈ సెన్సర్ లైట్లకు పగలో రాత్రో తేల్చి చెప్పేది నెత్తిన ఉన్న పలకే. దాని మీద వెలుగు పడుతున్నంతసేపూ పగలే. మా స్తంభం కింద ఉన్నంతకాలం ఈ దీపాలకు సూర్యాస్తమయం లేదు. బండిని ఖాళీ స్థలంలోకి, చీకట్లోకి, నెట్టాం. చీకటి కోసం జాగా వెతుక్కుని దీపం పెట్టడం నేను అప్పుడే చూశాను.

అక్కడ వెలిగాయి. కానీ బద్ధకంగా. ఈ సెన్సరు దేన్నీ బయటికి పంపదు. మన ఒంటి వేడిని చూస్తుందంతే. లోపల రెండు చిన్న ముక్కలు పక్కపక్కన ఉంటాయి. మన వేడి ఒకదాని ముందు నుంచి రెండోదాని ముందుకు జరిగితే దానికి మనిషి వచ్చినట్టు. కదలకుండా నిలబడితే మనల్ని మర్చిపోతుంది. మే నెలలో గాజువాక గోడలు రాత్రి పదింటికి కూడా సెగలు కక్కుతుంటే, గోడ ఏదో బావ ఏదో దానికి తేడా తెలియదు. పదిహేను వందల డిగ్రీల దగ్గర ఇనుము ఏరై పారుతుంటే పక్కన నిలబడి టీ తాగిన మనిషిని, "నీలో వేడి చాలదు" అని వెనక్కి పంపింది ఆ బొడిపె. బావ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

ఇంకో విశేషం. దాని ఎదుట అడ్డంగా నడిస్తే ఠక్కున పట్టేస్తుంది. సూటిగా దాని మీదికే నడిచొస్తే చాలా దగ్గరికి వచ్చేదాకా పోల్చుకోలేదు. అంటే, ఏకాగ్రతతో వచ్చే దొంగకు చీకటి, బారు నుంచి తూలుతూ వచ్చే మా వీధి పెద్దమనిషికి నాలుగు దీపాల స్వాగతం. ఆయనైతే మొదటి రాత్రి ఆగి, దీపాల వంక చూసి, "పార్టీ టికెట్టు నాకే ఇచ్చారా?" అని అడిగాడు.

పాము సంగతి అక్కకు చెప్పకుండా దాచాం. పాము ఒళ్ళు నేలంత చల్లగానో నేలంత వెచ్చగానో ఉంటుంది తప్ప, దానికంటూ సొంత వేడి లేదు. ఈ సెన్సరు ముందు నాగుపాము పడగ విప్పి ఆడినా దీపం వెలిగే ఆశ తక్కువ. తేలు మాట చెప్పనే అక్కర్లేదు. ఎవరి కోసం కొన్నామో వాళ్ళు తప్ప లోకంలో అందరూ దానికి కనిపిస్తారు: కుక్కలు, పిల్లులు, పాలవాడు, సీ షిఫ్టుకి పరిగెత్తేవాళ్ళు, బీ షిఫ్టు దిగి ఇంటికెళ్ళకుండా గోడవతల సిగరెట్టు కాలుస్తూ భార్యకు ఫోన్లో "ఇంకా గేటు దగ్గరే ఉన్నా" అని చెప్పేవాళ్ళు. ఈ ఆఖరి జాతి వాళ్ళు బావతో మాట్లాడటం మానేశారు.

మాష్టారికీ ఈ దీపాలు నచ్చలేదు. ఆయనది 1971 యుద్ధకాలపు చీకటి. ఆ డిసెంబరులో కిటికీలకు కాగితాలు అంటించి, కారు లైట్లకు సగం నల్లరంగు పూసి, ఊరంతా ఊపిరి బిగబట్టుకుని కూర్చున్న రోజుల్లో ఆయన కుర్రాడు. మూడో తారీఖు అర్ధరాత్రి దాటాక హార్బరు బయట పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. "అప్పట్లో బీడీ వెలిగిస్తే వార్డెనొచ్చి తిట్టేవాడు. నువ్వేటి, పిల్లి నడిస్తే పెట్రోమాక్సు ఎలిగిస్తన్నావు," అనేవారు. బావ దగ్గర దానికి జవాబు లేదు. పలకల మీద దుమ్ము తుడుచుకున్నాడు. అదో రోజువారీ సేవ. మా ఊరి గాలిలో ఒక నల్లటి పొడి ఉంటుంది. ఎక్కడిదని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో దిక్కు చూపిస్తారు. పొద్దున్నే పాత బనీనుతో తుడవకపోతే ఆ రాత్రి నాలుగు షిఫ్టులూ సమ్మెలో ఉన్నట్టే.

డిసెంబరులో బావ మమ్మల్ని లంబసింగి తీసుకెళ్ళాడు. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు, వణికించే చలి. అక్కడ దీపాలకు కొత్త ప్రాణం వచ్చింది. చుట్టూ అంతా చల్లగా ఉంటే వెచ్చటి ప్రాణి ఏది కదిలినా స్పష్టంగా కనిపిస్తుంది కదా. మంచు మేఘాలు చూడ్డానికి తెల్లవారుజామున వచ్చిన జనం మా బండి పక్కనుంచి నడుస్తుంటే ఏ, బీ, సీ ఒకదాని వెంట ఒకటి వెలిగి ఆరుతున్నాయి. ఆ సందడి చూసి టిఫిన్ బండి అనుకుని ఒకాయన అక్కను రెండు ప్లేట్ల ఇడ్లీ అడిగాడు. అడిగిన తీరు మర్యాదగా ఉందని అక్క ఉప్మా పెట్టింది. మర్నాడు మంచు పదింటిదాకా విడవలేదు, పలకలకు సరిగా ఎండ తగల్లేదు, ఆ రాత్రి బావ టార్చిలైటు పట్టుకుని తిరిగాడు.

సముద్రం దగ్గరికి ఫిబ్రవరిలో వెళ్ళాం, భీమిలి రోడ్డులో, మంగమారిపేట దాటాక. బండి నిలిపిన కాసేపటికి తాబేళ్ళ కాపలా తిరిగే కుర్రాడొకడు వచ్చాడు. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఈ కాలంలోనే రాత్రిపూట ఒడ్డుకొచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. అటవీశాఖ వాళ్ళు ఆ గుడ్లు ఏరి హేచరీల్లో కాపాడతారు. పిల్లలు పుట్టగానే ఎటు వెలుగుంటే అటు పాకుతాయి. ఆకాశం కింద మెరిసే సముద్రమే వాటి లెక్కలో వెలుగు. రోడ్డు వైపు దీపాలుంటే అటే వచ్చేసి చస్తాయి. "ఇసుకవైపు లైట్లు ఆపెయ్యండి సార్" అన్నాడు.

న్యాయమైన మాట. తాబేలు కూడా పాములాగే సొంత వేడి లేనిదే. దీపానికి తాబేలు కనపడదు, తాబేలుకు దీపం కనపడుతుంది. ఇంత అన్యాయమైన చూపుల వ్యవహారం నేను పెళ్ళిచూపుల్లోనే చూశాను. అయితే ఆపడం ఎలా? మీట దీపం అడుగున ఉంటుంది. ఆపుదామని బావ దగ్గరికెళితే, మనిషొచ్చాడని వెలుగుతుంది. ఏ షిఫ్టును ఆపబోతే సీ వెలిగింది, సీ దగ్గరికెళితే, ఆరోజే బుద్ధి పుట్టి, జనరల్ షిఫ్టు కూడా డ్యూటీలోకొచ్చింది. చివరికి మూడింటినీ రేకు నుంచి పీకి మంచం కింద పడేశాం. అక్కడ అక్క కాలు కదిపినప్పుడల్లా దుప్పటి కింద మెరుపులు మెరిశాయి.

మిగిలింది తలుపు వైపు, అంటే రోడ్డు వైపు, బీ షిఫ్టు ఒక్కటే. దాని వెలుగు చూసి మురీ మిక్చర్ బండివాడు తన బండిని మెల్లగా మా తలుపు ముందుకు తోసుకొచ్చాడు. ఆ దీపం నాడి అతనికి ఒక్క ప్లేటుతో దొరికిపోయింది. మరమరాల్లో ఉల్లిపాయలు, వేరుశనగలు, నిమ్మరసం వేసి చెయ్యి ఆపకుండా కలుపుతున్నంతసేపూ దీపం ఆరదు. బేరం లేక చెయ్యి ఆగితే చీకటి. అందుకని బేరం లేనప్పుడు కూడా ఖాళీ గిన్నెలో గరిటె తిప్పుతూ నిలబడ్డాడు. ఆ చప్పుడుకి జనం వచ్చారు. ఏకాంతం కోసం ఇంత డబ్బు పోసిన బావకు, తలుపు తీస్తే ఎదురుగా పెద్ద క్యూ. అందులో సగం మంది ఆయన్నే పార్సిల్ అడుగుతున్నారు.

పదకొండింటికి బండివాడు సర్దుకుంటూ ఒక పొట్లం కట్టి బావ చేతిలో పెట్టాడు. డబ్బులు తీసుకోలేదు. "సార్, శనివారం కూడా ఇక్కడే ఎట్టండి. ఆ రోజు జనం బాగొత్తారు" అన్నాడు. బావ ముఖం ఎర్రబడింది. ఏదో అనబోయాడు. ఈలోగా అక్క పొట్లం లాక్కుని రుచి చూసి, "ఉల్లిపాయ ఇంకాస్త పడాలి బాబూ, శనివారం చూసుకో" అంది.

బావ కాసేపు ఊరుకుని, డాష్‌బోర్డు మీద దేవుడి పక్కనున్న డైరీ తీసి, శనివారం ఎదురుగా రాసుకున్నాడు: బీ షిఫ్టు, ఓవర్‌టైము.