షుగరు సభలో జిలేబి

నవంబరు 14, ప్రపంచ మధుమేహ దినం. మా ఊళ్లో అవగాహన సదస్సు. వక్తగారు గంటసేపు నూనె, చక్కెరల మీద విరుచుకుపడ్డారు. చప్పట్లు ఆగకముందే ట్రేలు దిగాయి. కాగితం ప్లేటులో రెండు సమోసాలు, ఒక జిలేబి, అడుగున నూనె మరక. వద్దన్నానో లేదో, ‘ఒక్కదానికి ఏం కాదులెండి’ అంటూ నాలుగు గొంతులు. అందులో ఒకటి వక్తగారిదే! పెళ్లిలోనైనా, పుట్టినరోజుకైనా ఊరికే వద్దంటే మర్యాద తెలియనివాడు. ‘షుగరుందండీ’ అంటే మాత్రం పాపం అని వదిలేస్తారు. అంటే రోగం వస్తేగానీ మానుకునే హక్కు రాదన్నమాట. కేంద్ర ఆరోగ్యశాఖ 2025లో ఆఫీసుల్లో నూనె, చక్కెర తగ్గించమని గుర్తుచేసే బోర్డులు పెట్టమంది. మంచిదే. ఆ బోర్డు కిందే సమోసాల బల్ల వేయకండి బాబూ!