జీతం లేని గుమాస్తా

పౌరుడికి సర్కారు ఇచ్చినన్ని ప్రమోషన్లు ఏ ఉద్యోగికీ దక్కలేదు. మొదట అర్జీదారు, ఆపైన లబ్ధిదారు. 1997లో జన్మభూమి కార్యక్రమం మొదలయ్యాక భాగస్వామి. ఊరికి రోడ్డు కావాలంటే డబ్బో శ్రమదానమో తన వాటా వేసుకునే గౌరవం దక్కింది. 2011లో మీసేవతో వినియోగదారుడయ్యాడు. ఇప్పుడు గుమాస్తా. దరఖాస్తు తనే నింపాలి, కాగితాలు తనే స్కాన్ చేయాలి, సైజు ఎక్కువైందని తిప్పికొడితే తనే కుదించాలి, తను తనేనని ఓటీపీతో తనే రుజువు చేసుకోవాలి. తెలంగాణలో 2020లో ధరణి భూరికార్డుల పోర్టల్ వచ్చాక, పాసుపుస్తకంలో ఎవరో చేసిన తప్పు ఏ మాడ్యూల్ కిందికి వస్తుందో తేల్చే పనీ రైతు నెత్తినే పడింది. పొలం సర్వే నంబరుతోపాటు ఆ తప్పులు దిద్దే టీఎం 33 అన్న మాడ్యూల్ నంబరూ కంఠతా పట్టాల్సి వచ్చింది. పనంతా ఇటు వచ్చింది, సంతకం అటే ఉండిపోయింది. ఒకప్పుడు బల్ల మీద ఆగిన ఫైలు ఇప్పుడు తహసీల్దారు లాగిన్‌లో ఆగుతోంది. బల్లయితే కనీసం వెళ్లి దాని ముందు నిలబడొచ్చు.

ఆఫీసుల చుట్టూ తిరగడం తగ్గలేదా అంటారు. తగ్గింది, కాదంటే కళ్లు పోతాయి. కానీ క్యూ తగ్గినంత మాత్రాన అధికారం చేతికి రాదు. పౌరుడు నిజంగా లెక్క అడిగేవాడయింది 2005 నాటి రెండు చట్టాలతో: ఉపాధి హామీ, సమాచార హక్కు. మొదటిదాని 17వ సెక్షన్ సామాజిక తనిఖీని గ్రామసభకు అప్పగించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2009లో అందుకోసం ప్రత్యేక సంస్థనే పెట్టింది. మస్టరు రోల్ (కూలీల హాజరు పట్టీ) ఊరందరి ముందు చదివితే పనిలోకి రానివాళ్ల పేర్లు ఏవో కూలీలే చెప్పేవారు. దానికి ఓటీపీ అక్కర్లేదు. ఇక సమాచార హక్కు సంగతి: తెలంగాణ సమాచార కమిషన్ 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా ఒక్క కమిషనరూ లేకుండా నడిచింది. నడిచింది అనడం మర్యాద కోసం. మనం గుమాస్తాగా పనిచేసే పోర్టళ్లు రాత్రింబవళ్లు తెరిచే ఉంటాయి. మనం తనిఖీ అధికారిగా కూర్చునే చోటే కుర్చీలు అన్నాళ్లు ఖాళీగా ఉండిపోయాయి.

సమాచార హక్కును బెదిరింపులకు వాడుకునేవాళ్లు ఉన్నారని అధికారుల మొర. ఉన్నారు, నిజమే. అయితే దాచిందేదో ఉంటేనే కదా బెదిరింపు పండేది! వివరాలు అడక్కముందే బయటపెట్టమని ఆ చట్టంలోనే 4వ సెక్షన్ చెబుతోంది. బిల్లులన్నీ ఆఫీసు గోడకు అంటిస్తే బెదిరించేవాడికి బేరమే ఉండదు. ఆ అంటించే పనికి మాత్రం ఇంతవరకు పౌరుణ్ని పిలవలేదు.