వాట్ల రావుగారు

పిల్లలు కాలేజీలకు వెళ్లిపోయాక అమెరికాలో మనవాళ్లు కొందరిని గోల్ఫు పట్టుకుంటుంది, కొందరిని గుడి కమిటీ పట్టుకుంటుంది. వాట్ల రావుగారిని ట్రైలర్ పట్టుకుంది. పదహారడుగుల గది, కింద రెండు చక్రాలు. చలికాలం రాగానే దాన్ని కారు వెనక తగిలించుకుని అరిజోనాలో క్వార్ట్‌జ్‌సైట్ ఎడారికి బయల్దేరతారు.

కరెంటు ఇచ్చే క్యాంపుగ్రౌండంటే ఆయనకు చులకన. "ప్లగ్గు కోసం ఇంతదూరం రావాలా? ఇంట్లో గోడకే ఉందిగా!" అంటారు. ఎడారిలో ప్రభుత్వ భూముల్లో 14 రోజులదాకా ఊరికే ఉండనిస్తారు. క్యాంపుగ్రౌండు అద్దె మిగుల్చుకోవడానికి ఆయన కొన్నవి: 200 వాట్ల సోలార్ ప్యానెళ్లు రెండు, 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ, ఛార్జింగ్ చూసుకునే ఎంపీపీటీ కంట్రోలర్, ఇన్వర్టర్, వేలెడు లావు కేబుళ్లు. ఆ డబ్బుతో అద్దె కడితే మనవల పెళ్లిళ్లదాకా అక్కడే కాపురం ఉండొచ్చు.

పైకప్పుకి చిల్లులు పెట్టేరోజున కొబ్బరికాయ కొట్టారు. ఒక్కో స్క్రూ మీద సీలెంటు ఎంత కుమ్మరించారంటే, వాన చుక్క సంగతి సరే, ఆ స్క్రూ ఇక ఆయనకే దొరకదు.

ఇప్పుడు "బాగున్నారా?" అంటే ఫోనులో ట్రైలర్ బ్యాటరీ చూసుకుని "68 శాతం" అంటారు. చలికాలపు సూర్యుడు వాలుగా ఉంటాడు కనుక, బల్లపరుపుగా పడుకున్న 400 వాట్లలో మిట్టమధ్యాహ్నం కూడా సగమే చేతికొస్తాయి. పైనున్న ఏసీ వేస్తే గంట తిరక్కుండా బ్యాటరీ ఖాళీ. అందుకని దాన్ని ముట్టుకోరు. అది చేసే ఉద్యోగం ఒక్కటే, ప్యానెల్ మీద నీడ పడెయ్యడం.

"ఏమండీ, పచ్చడికి మిక్సీ వెయ్యనా?"

"ఉండు. 750 వాట్లు, రెండు నిమిషాలు, అంటే 25 వాట్ అవర్లు. బ్యాటరీలో పట్టేది 1,280. రెండు శాతం పోతుంది."

"రెండేగా?"

"రెండు శాతం ఊరికే వస్తుందా?"

మధ్యాహ్నానికి బ్యాటరీ నిండుతుంది. పండగ చేసుకోవాల్సిన వేళ ఆయనకు కొత్త దిగులు: కంట్రోలర్ తలుపు మూసేసింది, ఎండంతా దండగైపోతోంది! "ఏదో ఒకటి వెయ్యవే!" అని కేకలు. ఆవిడ నోరెత్తకుండా మిక్సీ తీసి నాలుగు రకాల పచ్చళ్లు నూరి పడేస్తుంది.

సాయంత్రం ఇడ్లీ తింటూ రావుగారు లెక్క తేల్చారు. దండగయ్యే ఎండ దాచుకోవడానికి ఇంకో బ్యాటరీ కావాలి. అది నిండాలంటే ఇంకో ప్యానెల్ కావాలి. పైన జాగా లేదు కనుక ఇంకాస్త పెద్ద ట్రైలర్ కావాలి.

"దాని మీదా ఏసీ ఉంటుందా?" అడిగింది ఆవిడ.

"ఎందుకుండదు? ఇంకా పెద్దది!"

"అంటే ఇంకా పెద్ద నీడన్నమాట."